సాయంత్రం ఐదింటికి తెల్లవారే చేపలు

జనవరి, సంక్రాంతి సెలవుల తర్వాత

కోనసీమలో జువాలజీ ప్రాజెక్టు అంటే మామూలుగా రొయ్య, లేదంటే పండుగప్ప, అదీ కాకపోతే కొబ్బరి మీద తెల్లదోమ. ఈసారి ఎమ్మెస్సీ ఫైనల్ పిల్లలు రేడియేషన్ మీద చేస్తామన్నారు. మొదట వచ్చిన ఆలోచన సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చే అమ్మాయిది. వాళ్ల తీరంలో నల్ల ఇసుక ఉంది, అందులో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు కాస్త మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో రేడియేషన్ ఇచ్చే థోరియం ఉంటుంది. ఆ ఇసుక తెచ్చి తొట్టిలో పోసి చేప గుడ్లు ఏమవుతాయో చూద్దామంది.

ఆలోచన మంచిదే, మా పరికరాలతో తేలేది కాదు. ఇలాంటి ఇసుక నుంచి వచ్చే డోసు ఏడాదికి మిల్లీగ్రేలలో ఉంటుంది (గ్రే అంటే ఒంట్లో దిగిన రేడియేషన్‌కి కొలత, మిల్లీగ్రే అందులో వెయ్యో వంతు). చేప పిండాన్ని మేం చూడగలిగేది ఐదు రోజులు. ఐదు రోజుల్లో దానికి అందే డోసుతో ఏదైనా మార్పు కనిపించిందంటే, అది ఇసుకలోని ఉప్పు వల్లో లోహాల వల్లో అయ్యుంటుంది తప్ప రేడియేషన్ వల్ల కాదు. కేరళలో కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక మీదే కాపురాలున్న దాదాపు డెబ్బై వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ కూడా ఆ ఇసుక వల్ల క్యాన్సర్లు పెరిగాయని తేలలేదు. అంతమందిని చూసినా తేలనిది మా నాలుగు పెట్రీ డిష్‌లలో తేలుతుందా?

కాబట్టి ప్రశ్న మార్చాం. ఒకే డోసు, వేరువేరు వయసుల్లో ఉన్న జీబ్రాఫిష్ పిండాలకి ఇస్తే నష్టం ఎలా మారుతుంది? డోసు పెద్దదిగా, కొలిచి ఇవ్వగలిగేదిగా ఉండాలి. దానికి క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్సకి వాడే లైనాక్ మెషీనే దిక్కు.

ఈ చేప ఎందుకో కూడా రాసుకోవాలి, వైవాలో మొదటి ప్రశ్న అదే. గుడ్డు తల్లి కడుపు బయటే ఎదుగుతుంది. 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది, అద్దంలా లోపలంతా కనిపిస్తుంది. ఒక్క రోజుకల్లా గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. 2013లో దీని జీనోమ్ (జన్యువుల మొత్తం చిట్టా) పూర్తిగా చదివినప్పుడు మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో జోడీ ఉన్నట్టు తేలింది. గంగ, బ్రహ్మపుత్ర ప్రాంతపు చేప ఇది. 1822లో హామిల్టన్ దీన్ని గంగానది చేపల పుస్తకంలో వర్ణించాడు. ప్రయోగశాలలోకి తెచ్చింది అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయపు జార్జ్ స్ట్రైసింగర్. ఆయన బృందం 1980ల మొదట్లోనే ఈ చేపలకి గామా కిరణాలిచ్చి మ్యుటేషన్లు లెక్కపెట్టింది. అంటే మాది కొత్త దారేమీ కాదు, బాగా నలిగిన దారే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నలిగిన దారే మంచిది.

మధ్యలో ఇంకో సలహా వచ్చింది. ఆసుపత్రి చుట్టూ తిరగడమెందుకు, రొయ్య హేచరీల్లో నీళ్లు శుద్ధి చేసే యూవీ లాంపు తెచ్చేసుకుందాం అన్నారు. వద్దన్నాను. యూవీ లోపలికి అంతగా దూరదు, డీఎన్‌ఏలో చేసే నష్టం కూడా వేరు రకం. పైగా ఈ చేపలో ఫోటోలయేజ్ అనే ఎంజైము ఉంది. మామూలు వెలుతురు తగిలితే చాలు, యూవీ చేసిన నష్టాన్ని సరిచేసుకుంటుంది. మనకి ఆ ఎంజైము లేదు. అది కూడా ఆసక్తికరమైన ప్రాజెక్టే, కానీ ఇది కాదు.

ఫిబ్రవరి

చేపలు అక్వేరియం షాపులోవే. పెద్ద ల్యాబుల్లో వాడే స్ట్రెయిన్లు కావు, వీటి తాతముత్తాతలెవరో ఎవరికీ తెలియదు. దానివల్ల పిండాల మధ్య తేడాలు ఎక్కువగా ఉంటాయి, అందుకే ఒక్కో డిష్‌లో ఒకే జంట గుడ్లు కాకుండా అన్ని జంటలవీ కలిపి పంచుతున్నాం. మగవి సన్నగా, పసుపు ఛాయతో ఉంటాయి. ఆడవి పొట్ట ఉబ్బి తెల్లగా మెరుస్తాయి.

నీళ్ల సంగతి కాస్త వివరంగా రాయాలి. కాలువ నీళ్లు వాడలేం, చేల నుంచీ చెరువుల నుంచీ ఏ మందు ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. బోరు నీళ్లు మా దగ్గర ఉప్పన. అందుకని ఆర్వో ప్లాంటు టిన్నులు కొని, పెద్ద చేపలకి సముద్రపు ఉప్పు కాస్త కలిపి వాడుతున్నాం. గుడ్లకి మాత్రం ఈ3 ద్రావణం: లీటరుకి 0.29 గ్రాముల సోడియం క్లోరైడు, ఇంకా పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు చిటికెడంత కూడా కాదు, అందుకే వాటిని ముందే గాఢంగా కలిపి పెట్టుకున్నాం. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ రెండు చుక్కలు.

మేత విషయంలో మా డెల్టాకి మించిన చోటు ఉండదేమో. కొన్నిచోట్ల ల్యాబులు ఆర్టీమియా (చేపపిల్లలకి మేతగా వేసే ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవి) డబ్బా కోసం నెలలు ఎదురుచూస్తాయట. మాకు హేచరీలో పనిచేసే పాత విద్యార్థి ఒకడు అప్పుడే పొదిగిన ఆర్టీమియాని పొద్దున్నే సీసాలో పోసి ఇస్తున్నాడు. "మా రొయ్యపిల్లల నోటికాడ కూడు మాస్టారూ, మీ చేపలకిచ్చేస్తన్నాను" అంటాడు. అది తినడం మొదలుపెట్టాక ఆడవాటి పొట్టలు వారంలో తేడా చూపించాయి.

గుడ్లు పెట్టించే పెట్టెలు కొనలేదు. ప్లాస్టిక్ డబ్బాలో వంటింటి చిల్లుల బుట్ట దింపి, మధ్యలో అడ్డుగా పారదర్శకమైన షీటు పెట్టాం. రాత్రి ఆడ ఒక పక్క, మగ ఒక పక్క. పొద్దున లైటు వెలిగాక అడ్డు తీస్తే వెంటాడుకుంటాయి, పావుగంటలో గుడ్లు చిల్లుల్లోంచి కిందికి జారతాయి. బుట్ట లేకపోతే పెట్టినవాటిని పెట్టినట్టే అవే తినేస్తాయి.

మైక్రోస్కోపు కింద చూడాల్సింది ఆ మొదటి గంటన్నరే. పచ్చసొన మీద పారదర్శకమైన చిన్న గోపురం. అది రెండవుతుంది, నాలుగవుతుంది. గంటంపావుకి ఎనిమిది కణాలు, నాలుగేసి చొప్పున రెండు వరసల్లో. దాదాపు ప్రతి పావుగంటకీ ఒక విభజన. ఫలదీకరణ కాని గుడ్లు గోపురం చీలకుండా అలాగే ఉండి తర్వాత తెల్లబడిపోతాయి, వాటిని పిపెట్‌తో తీసేస్తాం. ఓఈసీడీ (ముందున్న దేశాల ఆర్థిక సహకార సంస్థ) వాళ్లు చేప పిండాల పరీక్షకి 2013లో ఇచ్చిన పద్ధతి, టీజీ 236, మాకు కొలబద్ద: పెట్టినవాటిలో కనీసం 70 శాతం ఫలదీకరణ చెంది ఉండాలి, ఏమీ చెయ్యని కంట్రోల్ డిష్‌లో 96 గంటల దాకా కనీసం 90 శాతం బతకాలి. ఈ రెండోది అందుకునే దాకా ఆసుపత్రి మాట ఎత్తకూడదని పిల్లలకి చెప్పాను. కంట్రోలే చచ్చిపోతుంటే రేడియేషన్ ఏం చేసిందో ఎవరికి తెలుస్తుంది? నెలాఖరుకి అందుకుంది.

ఫిబ్రవరి ఆఖరు, రాజమండ్రి

ఆసుపత్రి ఫిజిసిస్ట్ మేడం ఒప్పుకున్నారు. పేషెంట్లందరూ అయిపోయాకే, ఆవిడ ఉన్నప్పుడే అని షరతు. మాకు అంతకన్నా ఏం కావాలి.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పెట్టుకుంటున్నాను. వాళ్ల మెషీన్ 6 ఎమ్‌వీ (మెగావోల్టుల) ఎక్స్‌రేలు ఇస్తుంది. 10 బై 10 సెంటీమీటర్ల ఫీల్డు (కిరణాలు పడే మేర), 100 సెంటీమీటర్ల దూరం, నీటిలో 1.5 సెంటీమీటర్ల లోతు: అక్కడ ఒక మానిటర్ యూనిట్‌కి (మెషీన్ తన కిరణాల్ని లెక్కపెట్టుకునే కొలత) ఒక సెంటీగ్రే, అంటే గ్రేలో వందో వంతు, వచ్చేలా మెషీన్‌ని సరిచేసి ఉంచుతారు. అంటే 10 గ్రేకి 1000 యూనిట్లు. నిమిషానికి 600 చొప్పున వంద సెకన్లు. ఈ లెక్క విన్నాక మా పిల్లలు డిష్‌ని బల్ల మీద పెట్టి బీమ్ వేసెయ్యడమే కదా అనుకున్నారు. కాదు. ఈ శక్తి ఉన్న కిరణాలు పైపొర దగ్గర తక్కువ డోసు ఇచ్చి, ఆ 1.5 సెంటీమీటర్ల దగ్గరే పూర్తి డోసుకి చేరతాయి. మా గుడ్లు మిల్లీమీటరు కూడా లేవు. ఉత్త డిష్ పెడితే మనం 10 అనుకున్నది 10 కాదు. అందుకని కింద నీటితో సమానమైన ప్లాస్టిక్ పలకలు, పైన అలాంటిదే మెత్తటి బోలస్ షీటు వేసి, డిష్‌ని మధ్యలో ఇరికించారు. మధ్యలో గాలి ఉండకూడదని డిష్‌ని అంచుదాకా నింపించారు. నిజంగా ఎంత పడిందో డోసు కొలిచే ఫిల్ము పెట్టి చూసుకున్నాకే నమ్మాలన్నారు.

"ఇంత డోసుకి నీళ్లు వేడెక్కవా మేడం?" అని మావాడొకడు అడిగాడు. ఆవిడ అక్కడే కాగితం మీద వేసి చూపించారు. ఒక గ్రే అంటే కిలోకి ఒక జౌలు. 10 గ్రే పడితే నీటి ఉష్ణోగ్రత పెరిగేది 0.0024 డిగ్రీలు. మనిషికి చికిత్స లేకుండా ఒంటి మొత్తానికి 4 గ్రే పడితే సగంమంది బతకరు. ఆ 4 గ్రేకి ఒంటి వేడి పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు. వేడి కాదు చంపేది. కిరణాలు నీటి అణువుల్ని విరిచి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తాయి, అవీ కిరణాలూ కలిసి డీఎన్‌ఏని తెంపుతాయి. ఒక్క గ్రేకి మనిషి కణంలో రెండు పోగులూ కలిసి తెగే చోట్లు సుమారు 40. అతికించుకునే పనివాళ్లు కణంలోనే ఉంటారు. వాళ్లకి టైము దొరికిందా లేదా అన్నదే అసలు సంగతి.

బయట కూర్చున్న ఒక పేషెంటు తాలూకు పెద్దావిడ డబ్బాల్లోకి తొంగిచూసి "చేపలకి కూడా కరెంటు పెడతారా బాబూ?" అంది. పెడతామండీ అన్నాను. "పాపం" అంది.

మార్చి మొదటి వారాలు

మొదట తేలికైన వయసు: 24 గంటలు దాటిన పిండాలు. నిన్నటి గుడ్లని థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా కారులో వెళ్లాం. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు పిల్లల టెన్షన్ చూడాలి, ఒకడు థర్మామీటర్ వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. దానికి కారణముంది. వీటి ఎదుగుదల గడియారం 28.5 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. 25 అయితే ఐదో వంతు నెమ్మదిస్తుంది, 33 అయితే పావు వంతు పరిగెడుతుంది. ఒక డిష్ ఏసీ వైపు, ఒకటి ఎండ వైపు ఉంటే చేరేసరికి రెండూ ఒకే వయసువి కావు.

ఆక్సిజన్ గురించి కూడా మాట్లాడుకున్నాం. రొయ్యపిల్లల (సీడ్) ప్యాకింగ్ చూసి పెరిగిన పిల్లలు కదా, కవర్లో ఆక్సిజన్ కొట్టేద్దాం అన్నారు. ఎక్కువైతే పెద్ద తేడా రాదు. తక్కువైతేనే చిక్కు. ఆక్సిజన్ లేని కణం రేడియేషన్‌ని రెండున్నర, మూడు రెట్లు తట్టుకుంటుంది. క్యాన్సర్ గడ్డల మధ్యభాగం చికిత్సకి లొంగకపోవడానికి అదొక కారణం. ఇక జీబ్రాఫిష్ పిండమైతే ఆక్సిజన్ బొత్తిగా లేనప్పుడు ఎదుగుదలనే ఆపేసి కూర్చోగలదు. ఒక డిష్‌లో గుడ్లు కిక్కిరిస్తే డోసూ తప్పుతుంది, వయసూ తప్పుతుంది. అందుకని డిష్‌లో పల్చగా వేసి, అంచుదాకా నింపడం బీమ్‌కి ముందు మాత్రమే.

కంట్రోల్ రెండు రకాలు. ఒకటి కాలేజీలోనే ఉండిపోయింది. రెండోది కారెక్కి, ఆసుపత్రికి వచ్చి, అదే బల్ల మీద అవే పలకల మధ్య అంతే సేపు బీమ్ లేకుండా పడుకుని తిరిగొచ్చింది. 216ఏ హైవే మీది గతుకులు గుడ్లకి ఏం చేస్తాయో తెలియాలిగా.

డిష్‌ల మీద డోసు రాయలేదు, అంకెలే. ఏ అంకె ఏ డోసో మేడం దగ్గర కాగితంలో ఉంది. లెక్కపెట్టే అమ్మాయికి తెలియదు, నాకూ తెలియదు. 20 గ్రే అని తెలిస్తే బాగున్న తోక కూడా వంకరగా కనిపిస్తుంది మరి.

ఐదో రోజున కాగితం విప్పాం. కారెక్కిన కంట్రోలూ ఎక్కని కంట్రోలూ ఒకేలా ఉన్నాయి, నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే. 5 గ్రే డిష్‌ని కంట్రోల్ నుంచి కంటితో విడదీయలేకపోయాం. 10లో కొన్నిటి కళ్లు చిన్నవి. 20 డిష్‌ని కాగితం విప్పకముందే అందరం పోల్చాం: వెన్ను పైకి వంగి తోక మొన ఆకాశం చూస్తోంది, గుండె చుట్టూ నీరు చేరి గాలిబుడగంత ఉబ్బింది, అందులో గుండె సాగిన నూలుపోగులా కొట్టుకుంటోంది. పచ్చసొన మూడొంతులు వాడకుండా మిగిలిపోయింది. అయినా చాలావరకు బతికే ఉన్నాయి. ఈ వయసులో 20 గ్రే అంటే వారానికి సుమారు సగం పోతాయని ఇంతకుముందు చేసినవాళ్లు రాశారు. మేం ఐదో రోజునే ట్రైకెయిన్ అనే మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి ఆపేస్తాం. సొంతంగా మేత తినడం మొదలుపెట్టే వయసు దాటనివ్వకూడదన్నది యూరప్ నిబంధనల్లో ఉన్న గీత. మేమూ అదే పెట్టుకున్నాం.

మార్చి రెండో సగం

ఇక అసలు చిక్కు. మొదటి మూడు గంటల పిండం కావాలి.

ఎందుకంటే మొదటి మూడు గంటలు పిండం తన జన్యువుల్ని తాను చదువుకోదు. తల్లి గుడ్డులో కట్టిపెట్టిన సద్దిమూటతోనే బండి నడుస్తుంది. కణాలు వెయ్యి దాకా పెరిగాక, సుమారు మూడో గంటకి, సొంత జన్యువులు పని మొదలెడతాయి. అప్పటిదాకా విభజనల మధ్య ఆగి, డీఎన్‌ఏ తెగిందా అని చూసుకునే ఏర్పాటు కూడా సరిగా ఉండదు. ఆ గీతకి ఇవతల ఇచ్చిన డోసు, అవతల ఇచ్చిన డోసు ఒకటి కావు. చేప పిండానికి ఎన్ని గ్రేలు ఇచ్చారో చెప్పి వయసు చెప్పకపోతే ఆ వాక్యం సగమే అని నా అభిప్రాయం.

చేపలు పొద్దున గుడ్లు పెడతాయి. మెషీన్ సాయంత్రం ఖాళీ అవుతుంది. టైమర్ మార్చి మధ్యాహ్నం తెల్లవారేలా చేద్దామన్నా, గుడ్లు ఏరి, కారెక్కి రాజమండ్రి చేరేసరికి సరిగ్గా ఆ మూడో గంట దాటిపోతుంది. చల్లబెట్టి నెమ్మది చేద్దామని ఒకడన్నాడు. అప్పుడు చలి ఎంత చేసింది, రేడియేషన్ ఎంత చేసింది అని విడదీసుకోవాలి. వద్దు.

దారి చూపించింది హేచరీ కుర్రాడే. "గుడ్లని మోస్తారేంటి మాస్టారూ, తల్లుల్నే దింపెయ్యండి అక్కడ. బ్రూడర్లని మేం మద్రాసు నుంచే తెచ్చుకుంటాం." ఆయ్, నిజమే కదా! పెద్ద చేపల్ని కవర్లలో ఆక్సిజన్ కొట్టి ప్యాక్ చేసిందీ వాడే. మేడం తన గదిలో ఒక మూల ఇచ్చారు. తొట్టి చుట్టూ నల్లగుడ్డ, టైమర్‌కి ఎల్‌ఈడీ: సాయంత్రం 5 నుంచి పొద్దున 7 దాకా పగలు, మిగతాది రాత్రి. ఊడ్చేవాళ్లు తెర తీసి చూడకుండా "చేపలు నిద్రపోతున్నాయి, తీయవద్దు" అని కాగితం అంటించాం. అది చదివి తీసి చూసేవాళ్లే ఎక్కువయ్యారు. దాంతో కాగితం పీకేశాం.

ప్రయాణం బడలికకి మొదట్లో ఒక్క గుడ్డూ లేదు. కొత్త పొద్దుకి అలవాటుపడ్డాక ఒక సాయంత్రం ఐదున్నరకి బుట్ట కింద పరుచుకున్నాయి. ఆఖరి పేషెంటు వెళ్లి, పలకలు సర్ది బీమ్ వేసేసరికి ఏడుంపావు. మైక్రోస్కోపులో 32 కణాలు.

ఆ రాత్రి చూసింది వివరంగా రాస్తున్నాను. ఎనిమిదిన్నరకి, అంటే మూడో గంటకి, 10 గ్రే డిష్ చూశాం. వెయ్యి కణాల గోపురం, ముచ్చటగా, గుండ్రంగా. కంట్రోల్ పక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. "ఏం కాలేదు సార్, మెషీన్ పనిచేసిందంటారా?" అని మావాడి అనుమానం. విభజన ఆగలేదు. ఆగాలని దానికి తెలియదు, అదే దాని చిక్కు. తెగిన డీఎన్‌ఏనే పావుగంటకోసారి పంచుకుంటూ పోయింది. రాత్రి పదకొండు దాటాక, కణాలన్నీ పచ్చసొన మీదికి పరుచుకుంటూ దిగాల్సిన వేళకి తేడా తెలిసింది. కంట్రోల్‌లో అంచు సగం దాటి సాఫీగా దిగుతోంది. 10 గ్రేలో అంచు గరుకుగా, ఒకచోట ముందుకీ ఒకచోట వెనక్కీ ఉంది, అక్కడక్కడ కణాలు విడిపోయి లోపల తేలుతున్నాయి. తెల్లారేసరికి అందులో పిండం అని చెప్పదగ్గది ఒక్కటీ కనపడలేదు, బూడిదరంగు ముద్దలే. 24 గంటల వయసులో మా కంటికి ఆనని 5 గ్రే డిష్‌లో కూడా చాలా పోయాయి. మిగిలినవాటికి తల చిన్నది, కొన్నిటికి తోక పచ్చసొన నుంచి విడివడలేదు.

మావాడు కారులో తిరుగుదారంతా మాట్లాడలేదు. కడియం నర్సరీల దగ్గర టీకి ఆగినప్పుడు మాత్రం "డోసు మారలేదు కదా సార్" అన్నాడు. వాడి థీసిస్ చర్చ అధ్యాయం మొదటి వాక్యం అదే అవుతుందని చెప్పాను.

ఏప్రిల్

కాలువలు కట్టేశారు. ఆర్వో టిన్ను రేటు పెరిగింది. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ మీద హీటర్ కాదు, కూలింగ్ ఫ్యాను నడపాల్సి వస్తోంది. కాలేజీ గది 33 దాటకుండా ఆపడమే రోజుపని.

మళ్లీ చేసిన విడతల్లో కూడా వరస అదే వచ్చింది. ఇప్పుడు చావు లెక్క కాకుండా, ఏ కణాలు చస్తున్నాయో చూడాలి. యాక్రిడిన్ ఆరెంజ్ అనే రంగు చచ్చిపోతున్న కణాల్లో పచ్చగా వెలుగుతుంది. దానికి ఫ్లోరసెంట్ మైక్రోస్కోపు కావాలి, మా కాలేజీలో లేదు. టీబీ కళ్లె పరీక్షకి వాడే ఎల్‌ఈడీ మైక్రోస్కోపు ఆసుపత్రి మైక్రోబయాలజీలో ఉంది, నీలి వెలుతురుతో పనిచేసేదే. రంగు వేసిన మామూలు పిండంతో ఒకసారి పెట్టి చూశాం, సరిపోతుంది. 24 గంటల పిండానికి డోసు ఇచ్చి ఆరు గంటలయ్యాక చూస్తే మెదడు, వెన్నుపాము దగ్గర చుక్కలు కనిపించాలి. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని చావమని చెప్పే పీ53 జన్యువు చెడిన చేపల్లో ఈ చుక్కలు బాగా తగ్గుతాయని 2005లోనే చూపించారు. ఆ చేపలు మాకు దొరకవు, మామూలువాటితోనే సరిపెట్టుకుంటాం.

మేడం ఇంకోటి అడిగారు: 10 గ్రేని ఒకేసారి కాకుండా ఐదేసి చొప్పున, మధ్యలో నాలుగు గంటలు వదిలి ఇస్తే? కణాలకి అతికించుకునే వ్యవధి దొరికితే నష్టం తగ్గుతుందని ఎల్‌కైండ్, సట్టన్ 1959లో కణాల మీద చూపించారు. వాళ్ల పేషెంట్లకి రోజుకి 2 గ్రే చొప్పున వారాల తరబడి ఇవ్వడంలో ఉన్న కిటుకూ కొంత ఇదే. దీనికి మెషీన్ రోజులో రెండుసార్లు ఖాళీ దొరకాలి. ఆదివారం సర్వీసింగ్ ఉన్న రోజున ఇంజనీర్ పని అయ్యాక పన్నెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి ఇస్తామన్నారు. వయసు 24 గంటలదే, కాబట్టి ఈసారి గుడ్లు కారులోనే వెళ్తాయి. టైమర్ మార్చక్కర్లేదు. ఐస్ ప్యాకులు రెండు అదనంగా పెట్టుకోవాలి, తిరిగొచ్చేది మిట్టమధ్యాహ్నం ఎండలో కాకపోయినా వెళ్లేది అందులోనే.